వలందుల వాటాలు, హైదరు గుర్రాలు

2025 మే 9, శుక్రవారం. కుక్కరు రెండో కూత కూసి మూడోదానికి ఊపిరి పట్టుకుంటున్న వేళ, చిత్తూరు నుంచి మా తోడికోడలు ఫోను చేసింది.

"అక్కా, యుద్ధం వచ్చేస్తా ఉందంట. ఫండులో దుడ్డు తీసేద్దామా? అందరూ తీసేస్తా ఉండారు."

పెద్దకోడల్ని కదా, ధైర్యం చెప్పవలసిన బాధ్యత నాది. చెప్పాను కూడా. "ఇలాంటివి ఎన్ని చూడలేదు, కదలకుండా కూచో" అన్నాను. అని, ఫోను పెట్టేసి, స్టవ్వు కట్టేసి, నా ఫండు నేను అమ్మేశాను.

అమ్మాయి చదువుకని నెలనెలా కాస్త కాస్త దాచిన డబ్బు అది. టీవీలో ఆ సైరన్లు వింటుంటే, ఆ ఎర్రటి అక్షరాలు పరుగెత్తడం చూస్తుంటే, ఆ డబ్బంతా సరిహద్దులోనే ఎక్కడో ఆరుబయట పెట్టి వచ్చినట్టు అనిపించింది. ఆ రోజు సెన్సెక్స్ 880 పాయింట్లు పడింది. శనివారం సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. సోమవారం ఒక్క రోజులో 2,975 పాయింట్లు లేచింది. నాకు పోయింది ఒక మంచి ధర్మవరం పట్టుచీర ఖరీదు. మా తోడికోడలు నా మాట నమ్మి కదల్లేదు. ఆవిడ డబ్బు భద్రంగా ఉంది. ఈ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు. ఈ వ్యాసం అచ్చయితే తెలుస్తుంది.

సిగ్గుపడ్డ మనిషి చేసే పని ఒకటుంది. తనకంటే ముందు ఇలా సిగ్గుపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకడం. యుద్ధం మాట వినగానే వాటాలు అమ్ముకుని పరుగెత్తే ఈ జబ్బు ఎక్కడ పుట్టిందా అని పుస్తకాలు తిరగేశాను. లండనుకో న్యూయార్కుకో పోతాననుకున్నాను. పోయాను గానీ, దారి మాత్రం మన పులికాట్ ఒడ్డు మీదుగా ఉంది!

పులికాట్ అంటే మనకి సరస్సు. ప్రళయకావేరి అని మన పాత పేరు. సంక్రాంతి వెళ్ళాక పిల్లల్ని తీసుకుని సూళ్ళూరుపేట వైపు వెళ్తాం. నేలపట్టులో పక్షుల్నీ, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ రాజహంసల్నీ చూసి, అటు శ్రీహరికోట ఉందని చెప్పి, పులిహోర పొట్లాలు విప్పుకుని తిని వచ్చేస్తాం. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. కానీ దక్షిణపు కొసన, తమిళనాడు గట్టున, పులికాట్ అనే ఊరొకటి ఉంది. తమిళంలో పళవేర్కాడు. మద్రాసుకి ఉత్తరంగా అరవై కిలోమీటర్లు. అక్కడ వలందుల కోట శిథిలాలున్నాయి. వలందుల స్మశానం ఉంది. దాని వాకిలికి అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, ఎవరో కాపలా పెట్టినట్టు.

వలందులు అంటే హాలండువాళ్ళు, డచ్చివాళ్ళు. మనవాళ్ళు సముద్రం మీద వచ్చినవాళ్ళకి ఎంత చక్కటి పేర్లు పెట్టారో చూడండి. పోర్చుగీసువాళ్ళు బుడతకీచులు, ఫ్రెంచివాళ్ళు పరాసులు, హాలండువాళ్ళు వలందులు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. ఈ వలందుల కంపెనీ 1602 మార్చిలో పుట్టింది. మనం ఈవేళ షేరు బజారు అంటున్నది దాని వాటాల అమ్మకాలతోనే మొదలైంది.

ఆ ఏడాది ఆగస్టులో ఆంస్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ ఓస్ అనే షావుకారు ఇంట్లో చందా పుస్తకం తెరిచి పెట్టారు. ఎవరైనా వచ్చి, ఎంతైనా రాయించుకోవచ్చు. ఒక్క ఆంస్టర్‌డామ్‌లోనే 1,143 మంది రాయించుకున్నారు. అన్ని ఊళ్ళూ కలిపి దాదాపు 64 లక్షల గిల్డర్లు పోగయ్యాయి. ఆ పెద్ద పెద్ద పేర్ల మధ్య ఒక పేరు చూసి నేను ఆగిపోయాను. నేల్ట్‌గెన్ కోర్నెలిస్. ఆవిడ ఎవరనుకున్నారు? ఆ వాన్ ఓస్‌గారింటి పనిమనిషి!

100 గిల్డర్లు రాయించుకుంది. ఎన్నో నెలల జీతం అది. ఆ నెలంతా ఇంట్లోకి వచ్చేపోయే షావుకార్లని చూస్తూ, వాళ్ళ మాటలు వింటూ పని చేసుకుని ఉంటుంది కదా! దాచుకున్నది తీసుకొచ్చి పుస్తకం ముందు నిలబడినప్పుడు ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో నేను ఊహించుకోగలను. చీటీ పాట మొదటిసారి పాడిన ఆడవాళ్ళెవరైనా ఊహించుకోగలరు.

అయితే అందులో ఒక తిరకాసు ఉంది. ఒకసారి ఇచ్చిన డబ్బు కంపెనీని వెనక్కి అడగడానికి వీల్లేదు. పదేళ్ళు ఆగమన్నారు. పదేళ్ళయ్యాక కూడా లెక్క తేల్చలేదు. మరి మధ్యలో ఇంట్లో పెళ్ళి వస్తే? జబ్బు వస్తే? ఉన్న దారి ఒక్కటే, తన వాటాని ఇంకొకరికి అమ్ముకోవడం. ఎంతకి? కొనేవాడు ఎంత ఇస్తే అంతకి. ఆ బేరంలోంచే షేరు బజారు పుట్టింది. కొనేవాడు ఎంతిస్తాడన్నది, వేల మైళ్ళ అవతల ఉన్న ఓడల సంగతి అతను ఏం విన్నాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ ఓడల సంగతికి వద్దాం. వలందులకి కావలసినవి జాజికాయ, జాపత్రి, లవంగాలు, మిరియాలు. ఇవన్నీ తూర్పు దీవుల్లో దొరుకుతాయి. తీరా అక్కడికి వెళితే ఆ దీవులవాళ్ళు, "మీ వెండి మాకెందుకు, కోరమాండల్ గుడ్డలు తెండి" అన్నారు. మన అద్దకం గుడ్డలు, గళ్ళ గుడ్డలు! అంటే మన నేతగాడి మగ్గం ఆడితేనే ఆంస్టర్‌డామ్ వంటింట్లోకి జాజికాయ వస్తుంది. అందుకని వలందులు మన తీరానికి వచ్చారు. అప్పట్లో ఈ ప్రాంతమంతా చంద్రగిరిని ఏలిన అరవీటి వేంకటపతిరాయలది. పులికాట్ ఆయన రాణిగారి ఏలుబడిలో ఉండేది. 1610లో రాయలవారి అనుమతి సంపాదించి వలందులు అక్కడ కొట్టు పెట్టుకున్నారు. మైలాపూరు పక్కన శాంథోములో ఉన్న బుడతకీచులకి ఒళ్ళు మండింది. 1612 జూన్‌లో వచ్చి ఆ కొట్టుని ధ్వంసం చేసి పోయారు. మరుసటి ఏడు, 1613లో, కోట లేచింది. గెల్డ్రియా కోట అని పేరు పెట్టారు. గెల్డర్లాండ్ అనేది ఆ దొర వెమ్మర్ వాన్ బెర్హెమ్ సొంత ప్రాంతం. మన వాళ్ళు కొత్త ఇంటికి పుట్టినింటి దేవుడి పేరు పెట్టుకుంటారే, అలాగన్నమాట.

కోట కట్టాలంటే డబ్బు కావాలి. సిపాయిలకి జీతాలు కావాలి. ఎవరి డబ్బు? వాటాదార్లది. తమాషా ఏమిటంటే, ఆ కంపెనీకి వ్యాపారం చేసుకునే హక్కుతో పాటు యుద్ధం చేసే హక్కు, కోటలు కట్టే హక్కు కూడా వాళ్ళ ప్రభుత్వమే ఇచ్చింది. కనుక యుద్ధం బయటినించి వచ్చి వ్యాపారాన్ని చెడగొట్టే పిడుగు కాదు, వాళ్ళ వ్యాపారంలోనే ఒక సరుకు. పులికాట్ కోటలో తుపాకిమందు తయారుచేసేవారు. కరువు రోజుల్లో ఈ తీరం మీద తిండిలేని మనుషుల్ని బానిసలుగా కొని బటావియాకి ఓడలెక్కించేవారు. అవి కూడా లాభాల లెక్కలోవే.

ఈ ఖర్చులు చూసి వాటాదార్లు ఎనిమిదేళ్ళు గొణిగారు. చివరికి 1610లో మొదటి లాభం పంచారు. ఏమిచ్చారో తెలుసా? జాపత్రి! డబ్బు కాదు, వాటా విలువలో మూడు వంతులకి సరిపడా జాపత్రి తూచి తీసుకుపొమ్మన్నారు. ఆ ఏడాది చివర మిరియాలిచ్చారు. ఊళ్ళో అందరి దగ్గరా జాపత్రే ఉంటే ఎవరికి అమ్ముకుంటారు, పాపం! బ్యాంకువాళ్ళు మన డిపాజిట్టు మీద వడ్డీ కింద పాతిక కిలోల యాలకులిచ్చి పొమ్మంటే మనింట్లో జరిగే గొడవ ఊహించుకోండి.

ఆ రోజుల్లోనే ఐజాక్ లె మేర్ అనే ఆయన కంపెనీ మీద అలిగాడు. పూర్వం అందులో పెద్దమనిషే. 1609లో మరికొందరితో రహస్యంగా జతకట్టి, తమ దగ్గర లేని వాటాలు అమ్మడం మొదలుపెట్టాడు. ధర పడ్డాక చవగ్గా కొని అప్పగించవచ్చునని ఎత్తు. అంటే వీళ్ళకి లాభం రావాలంటే ఓడలు మునిగిన కబురు రావాలి, కొట్లు తగలబడిన కబురు రావాలి. కంపెనీవాళ్ళు ప్రభుత్వం దగ్గరికి పరుగెత్తి, "ఈ పుకార్లతో వితంతువుల నోట్లో, అనాథల నోట్లో మన్ను కొడుతున్నారు" అని మొరపెట్టుకున్నారు. 1610 ఫిబ్రవరిలో, లేని వాటా అమ్మకూడదని శాసనం వచ్చింది. అన్నట్టు, డబ్బున్న పెద్దమనుషులు కష్టంలో పడ్డప్పుడల్లా వితంతువులూ అనాథలూ గుర్తుకురావడం అప్పటినించే ఉందన్నమాట.

తర్వాత అరవై ఏళ్ళకి 1672 వచ్చింది. ఫ్రాన్సు, ఇంగ్లండు, ఇంకో ఇద్దరు జర్మను బిషప్పులు కలిసి ఒకేసారి హాలండు మీద పడ్డారు. కంపెనీ వాటా ధర అంతకు ముందటేడు ఉన్నదాంట్లో సగానికి కూడా నిలవలేదు. ఆ యుద్ధం ఇక్కడికీ వచ్చింది. పరాసులు శాంథోము పట్టుకున్నారు. 1673లో మచిలీపట్నం దగ్గర సముద్రంలో వలందులు, ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పేల్చుకున్నారు. కానీ ఆంస్టర్‌డామ్‌లో వాటాలు అమ్ముకున్నవాళ్ళు ఈ ఫిరంగుల మోత విని అమ్ముకోలేదు. వాళ్ళు అమ్ముకునే నాటికి ఇక్కడ ఇంకా ఏమీ జరగలేదు. ఇక్కడ జరిగింది అక్కడికి తెలిసేసరికి ఆరేడు నెలలు. 1688లో జోసెఫ్ డి లా వేగా అనే వర్తకుడు ఈ బజారు గురించి ఒక పుస్తకం రాశాడు. షేర్ల మీద వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదేనంటారు. అందులో ఆయన, ధరల్ని ఆడించేవి మూడు అంటాడు: ఇండియాలో పరిస్థితి, యూరపులో రాజకీయం, బజారులో జనం ఏమనుకుంటున్నారు అన్నది. మూడోది చదివి నాకు నా కుక్కరు గుర్తొచ్చింది.

ఇక అసలు కథ. ఇందులో వలందులు కాదు, ఇంగ్లీషువాళ్ళు, మన హైదరాలీ ఉన్నారు.

1765 ఏప్రిల్‌లో రాబర్ట్ క్లైవు ఇంగ్లండు నించి వచ్చి మద్రాసులో దిగాడు. దిగీదిగగానే బెంగాలు నవాబు మీర్ జాఫరు చనిపోయాడని తెలిసింది. ఇక బెంగాలు రాబడి కంపెనీ చేతికి వచ్చినట్టేనని ఆయనకి అర్థమైపోయింది. వెంటనే ఏం చేశాడనుకున్నారు? దండు నడిపాడా? ముందు ఉత్తరం రాశాడు. లండనులో తన ఏజెంటుకి, గుర్తుభాషలో, నా పేరున ఉన్న డబ్బంతా పెట్టి కంపెనీ వాటాలు కొనెయ్యమని! యుద్ధాలు చేసేవాడే వాటాలూ కొనేవాడు. లోపలి కబురు తెలిసి వాటా కొంటే ఈవేళ జైల్లో పెడతారు. క్లైవుకి అప్పటికే లార్డు బిరుదుంది.

ఏడాదికి కబురు లండను చేరింది. బెంగాలు దివానీ వచ్చిందన్నారు. మరుసటేడు నిజాము నించి మన ఉత్తర సర్కార్లు కూడా కంపెనీకి వచ్చాయి. ఇండియా బంగారు కొండ అన్నారు. లాభం వాటా పెంచండి, పెంచండి అని వాటాదార్లు గోల చేసి నూటికి పన్నెండున్నర దాకా పెంచుకున్నారు. నూరు పౌన్ల వాటా 270 దాటింది. ప్రభువులూ పార్లమెంటు సభ్యులూ అప్పులు చేసి మరీ కొన్నారు. మన ఇళ్ళలో ఉప్పు చేప వాసన పిల్లికి తగిలినట్టు లండనంతా తగిలింది.

ఇక్కడ మాత్రం సంగతి వేరుగా ఉంది. కంపెనీవాళ్ళు 1767లో హైదరాలీతో యుద్ధంలోకి దిగారు. 1768 చివరికి హైదరు తిరగబడి కనుమలు దిగి కర్ణాటకంలోకి వచ్చాడు. ఊళ్ళు తగలబడ్డాయి. పంటలు పోయాయి. 1769 మార్చి ఆఖరుకి ఆయన గుర్రాలు మద్రాసు బయట పరంగిమల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. కోటలో దొరలు వణికిపోయి సంధికి ఒప్పుకున్నారు. ఏప్రిల్ మొదట్లో సంతకాలయ్యాయి. గెలుచుకున్నవి ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేశారు. హైదరు వెనక్కి మళ్ళాడు. యుద్ధం అయిపోయింది.

ఇప్పుడు లండను వెళ్దాం. మే నెల ఆఖరు. అంతకు కొన్ని నెలల కిందట మద్రాసులో బయల్దేరిన ఉత్తరాలు అప్పుడు చేరాయి. హైదరు కర్ణాటకంలోకి దిగాడు, కంపెనీ ఓడిపోతోంది, అని. దానికి తోడు పరాసులు మారిషస్ దీవిలో ఓడలు కూడగడుతున్నారని ఇంకో పుకారు. అంతే! అమ్మండి, అమ్మండి. 273 ఉన్న వాటా కొన్ని వారాల్లో 240 కిందికి దిగింది. అప్పు చేసి కొన్నవాళ్ళు అప్పు తీర్చడానికి అమ్మారు. వాళ్ళు అమ్మినందుకు ధర ఇంకా పడింది. పడినందుకు ఇంకొకరు అమ్మారు. లారెన్స్ సలివన్ అనే ఆయన ఆ ఏప్రిల్‌లోనే తిరిగి కంపెనీ డైరెక్టరయ్యాడు. మునిగిపోయాడు. లార్డ్ వెర్నీ మునిగాడు. ఎడ్మండ్ బర్క్ పేరు మనం కాలేజీ పుస్తకాల్లో చదివాం కదా, ఆయన ఆప్తుడు విలియం బర్క్ మునిగి, జీవితాంతం తేలలేదు.

ఒక్కసారి తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. సంధి ఏప్రిల్‌లో. భయం మే ఆఖరున. వాళ్ళు ఏ యుద్ధానికి భయపడి ఆస్తులు తెగనమ్ముకున్నారో, ఆ యుద్ధం అప్పటికే దాదాపు రెండు నెలల క్రితం ముగిసిపోయింది! లండనులో షావుకార్లు చెమటలు కక్కుతున్న ఆ వారం, పరంగిమల దగ్గర బహుశా మామిడిపళ్ళు అమ్ముకుంటూ ఉండి ఉంటారు.

ఈ కథ చదివి నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. సలివన్‌గారితో, లార్డ్ వెర్నీతో ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు అనిపించింది. కానీ మర్నాడు తర్వాతి పేజీలు తిప్పేసరికి ఆ హాయి సగమైపోయింది. ఎందుకంటే, యుద్ధం అయిపోయిందని తెలిశాక ఆ వాటా మళ్ళీ లేవలేదు. ఓపికపట్టినవాళ్ళకి కూడా 273 మళ్ళీ కంటికి కనబడలేదు. బెంగాలులో ఘోరమైన కరువొచ్చింది. కంపెనీ అప్పులు బయటపడ్డాయి. 1772 చివరికి వాటా ఇంకా ఎంతో కిందికి పోయింది. ఆ దెబ్బకి ఆంస్టర్‌డామ్‌లో క్లిఫర్డ్ అనే పెద్ద బ్యాంకు కూలింది. వలందుల దేశంలోని బ్యాంకు, ఇంగ్లీషు కంపెనీ వాటాల మీద జూదమాడి కూలిపోయింది! బూర ముందే ఉబ్బి ఉంది. హైదరు చేతిలో ఉన్నది ఒక సూది, అంతే. అందుచేత, "యుద్ధానికి పడ్డ ధర మళ్ళీ లేస్తుంది, ఊరికే కూచో" అని నేను మా తోడికోడలికి చెప్పిన సలహా కూడా ఏమంత గొప్పది కాదని తేలింది. నా అదృష్టం బాగుండి నిజమైంది.

అసలు పులికాట్‌కి వచ్చింది కూడా అలాంటి దెబ్బే. 1780 డిసెంబరులో ఇంగ్లండు హాలండు మీద యుద్ధం ప్రకటించింది. ఈసారిది ఉత్త పుకారు కాదు. సరుకుతో వస్తున్న వలందుల ఓడల్ని ఇంగ్లీషువాళ్ళు సముద్రం మీదే పట్టేసుకున్నారు. ఓడే పోయాక ధర లేవడానికి ఏముంది? 1781లో పులికాట్ కోట ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. అదే ఆగస్టులో, హైదరుతో రెండో యుద్ధానికి, బెంగాలు నించి కల్నల్ పియర్స్ నడిపించుకొచ్చిన పటాలం ఉత్తర సర్కార్లూ నెల్లూరూ దాటి ఇదే పులికాట్ దగ్గర సర్ ఐర్ కూట్ దండుతో కలిసింది. ఆ దారిలో మన ఊళ్ళ బావులు ఎన్ని ఎండిపోయాయో, గాదెలు ఎన్ని ఖాళీ అయ్యాయో ఏ ధరల పట్టికలోనూ లేదు.

మరుసటేడు, 1782 డిసెంబరు 7న, హైదరాలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో చనిపోయాడు. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారులో ఉన్నాడు. దండుకి తెలిస్తే చెదిరిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకి తెలిస్తే మీద పడతారు. మంత్రులు ఏం చేశారంటే, శవాన్ని సుగంధద్రవ్యాలతో ఒక పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలాతో కోలారు పంపించేశారు. నవాబుగారికి ఒంట్లో బాగాలేదని చెబుతూ కొలువు యథాప్రకారం నడిపారు. ఒక్క కబురు బయటికి పొక్కకుండా ఆపడం ఎంత విలువైన పనో ఆ మంత్రులకి తెలిసినంతగా లండను బజారులో ఎవరికీ తెలియదేమో! పెట్టెలో ఉన్నది ఖజానా అనుకుని దారిపొడుగునా దణ్ణాలు పెట్టినవాళ్ళని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

వలందుల కంపెనీ ఆ యుద్ధం నించి కోలుకోలేదు. అప్పులు మిగిలాయి. 1796లో ప్రభుత్వం తీసేసుకుంది. 1799 డిసెంబరు 31తో సన్నదు గడువు తీరిపోయింది. పనిమనిషి నమ్మి డబ్బు పెట్టిన కంపెనీ రెండువందల ఏళ్ళు కూడా నిండకుండా కథలోకి వెళ్ళిపోయింది. పులికాట్ చేతులు మారి మారి 1825లో పూర్తిగా ఇంగ్లీషువాళ్ళదయింది. మిగిలిందల్లా ఊరి పేరే. ఇండోనేషియాలో, మలేషియాలో గళ్ళ లుంగీని ఇప్పటికీ పెలెకాట్ అంటారు. అది మన పులికాట్. ఆ గుడ్డ నేసినవాడికి కంపెనీలో వాటా లేదు. ధర పెరిగినా లేదు, పడినా లేదు. యుద్ధమొచ్చి మగ్గం ఆగితే మాత్రం ఆ పూట పొయ్యి వెలగదు. ఆంస్టర్‌డామ్‌లో పడిపోయింది ఒక అంకె. ఇక్కడ పడిపోయింది మనిషి.

కబురు నడక మాత్రం మారుతూ వచ్చింది. తంతి వచ్చింది, రేడియో వచ్చింది. 1914 జూలై 31న, మహాయుద్ధం ముంచుకొస్తోందని లండను షేరు బజారు తలుపులు మూసేసి, మళ్ళీ 1915 జనవరిలో గానీ తెరవలేదు. భయం మరీ ఎక్కువైతే బజారు చేసే పని అదే, మనం వడగళ్ళ వానకి కిటికీలు మూసుకున్నట్టు. ఆ సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మను ఓడ వచ్చి మద్రాసు మీద గుళ్ళు వేసి పోతే, జనం మూటాముల్లే సర్దుకుని ఊరు ఖాళీ చేసి పోయారు. ఎమ్డెన్ మళ్ళీ మద్రాసు మొహం చూడలేదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళినరోజు మన సెన్సెక్స్ 2,702 పాయింట్లు పడింది. మర్నాడే 1,328 లేచింది. బజారు భయం ఒక్క రోజులో సగం తీరింది. మన వంటింటి కష్టం మాత్రం అంత సులువుగా తీరలేదు. పొద్దుతిరుగుడు నూనె మనకి ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్ నించి అని అప్పుడే కదా మనకి తెలిసింది! నూనె ప్యాకెట్టు ధర చూసి అప్పడాలు వేయించడం మానేసి కాల్చుకు తిన్నాం. అటు మాస్కోలో షేరు బజారు దాదాపు నెలరోజులు మూతపడింది. అక్కడ డబ్బు పెట్టిన పరదేశులకి అమ్ముకుందామన్నా దారి లేకపోయింది. అంటే, ఎవరి యుద్ధం, ఎవరి ఓడ అన్నదాన్ని బట్టి ఉంది. దూరం నించి చూసి భయపడ్డవాళ్ళకి ధర తిరిగి రావచ్చు. ఓడలో ఉన్నవాళ్ళ సంగతి వేరు.

అప్పట్లో కబురుకి ఆరు నెలలు పట్టేది. ఇప్పుడు ఆరు క్షణాలు చాలు. ఆరు నెలల పాత కబురు విని అమ్ముకున్నాడు సలివన్. ఆరు క్షణాల కొత్త కబురు విని అమ్ముకున్నాను నేను. ఇద్దరికీ పోవలసింది పోయింది. నేల్ట్‌గెన్ కోర్నెలిస్ అయితే ఏం చేసి ఉండేదా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

మొన్న మళ్ళీ ఫోను. ఇంకేదో దేశంలో ఇంకేదో బాంబులట.

"అక్కా, నువ్వు చెప్పినట్టే ఆ పొద్దు కదలకుండా కూచున్నా, మంచిదయింది. ఇప్పుడేం చేద్దాము?"

నేను కాసేపు మాట్లాడలేదు. "ఆ కబురు ఎవరు చెప్పారు?" అన్నాను.

"మా పక్కింటామె. ఫోనులో చూసిందంట."

"ఎప్పటిదట?"

"ఉండక్కా, అడిగొస్తా" అని ఫోను పక్కన పెట్టి వెళ్ళింది. గోడ అవతల ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నట్టు చాలాసేపు వినబడింది. తర్వాత మాట కరివేపాకు మీదికి మళ్ళింది.